స్లాబు దాటాలంటే తీగ కావాలి: అంతస్తుల ఇంట్లో నెట్‌వర్క్

(సొంతిల్లు కట్టుకుంటున్నవారికి, ఎలక్ట్రికల్ పని చేసేవారికి విజయవాడలో ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న మేస్త్రి గారికి, వైరింగ్ పని చేసే తమ్ముళ్లకు ఇంకోసారి నమస్కారం. ఎందుకంటే ఈ రోజు నేను చెప్పబోయే పనిలో సగానికి పైగా మీ చేతుల్లోనే ఉంది. ఇల్లు పూర్తయి రంగులు కూడా వేశాక నన్ను పిలిస్తే నేను చేయగలిగేది తక్కువ. గోడకు ప్లాస్టరింగ్ కాకముందు మీరు వేసే ఒక్క పైపు, ఆ ఇంట్లో పాతికేళ్లపాటు ఇంటర్నెట్ ఎలా ఉండాలో తేల్చేస్తుంది.

2020 లాక్‌డౌన్‌లో మా అన్నయ్య వాళ్ల ఇంట్లో జరిగింది చెబుతాను. జీ ప్లస్ టూ ఇల్లు. కింద అమ్మానాన్న, మధ్య అంతస్తులో అన్నయ్య, వదిన, పిల్లలు. పైన ఒక గది, మిగతాదంతా డాబా. ఫైబర్ కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు కింద హాల్లో టీవీ పక్కన డబ్బా బిగించి వెళ్లిపోయాడు. ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. మా అన్నయ్య కూతురు రోజూ పొద్దున్నే మెట్ల మలుపులో పీట వేసుకుని, ఒళ్లో పుస్తకం, చేతిలో ఫోన్ పెట్టుకుని కూర్చునేది. గదిలోకి వెళ్తే టీచర్ గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించేది. పదో తరగతి పిల్ల. నేను వెళ్లినప్పుడు వదిన ఆ పిల్లకు మెట్ల మీదే టిఫిన్ పెడుతోంది. అది చూశాక నాకు మనసు ఊరుకోలేదు. మనవాళ్లు ఇంత డబ్బు పెట్టి ఇల్లు కట్టుకుంటారు, పిల్ల చదువుకోవడానికి మాత్రం మెట్లు మిగిలాయి.

అన్నయ్య అప్పటికే ఆరు యాంటెన్నాల రౌటర్ ఒకటి కొని పాతదాని స్థానంలో పెట్టాడు. కింద హాల్లో అదిరిపోయే స్పీడు వచ్చింది. పైన మాత్రం ఎప్పటిలాగే. తర్వాత ఒక రిపీటర్ తెచ్చి పై అంతస్తులో ప్లగ్గుకు పెట్టాడు. ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా కనిపించాయి, వీడియో మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఈ రెండూ ఎందుకు పనిచేయలేదో తెలిస్తే మిగతా విషయమంతా తేలిగ్గా అర్థమవుతుంది.

మన ఇళ్లలో స్లాబు అంటే సుమారు అయిదు అంగుళాల కాంక్రీటు. లోపల అటూ ఇటూ కట్టిన ఇనుప చువ్వల వల. మన ఇళ్లలో వైఫై ఎక్కువగా రెండు రకాల తరంగాల మీద నడుస్తుంది: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. 2.4 తరంగం పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు, కాస్త దూరం పోతుంది, నెమ్మది. 5 చాలా వేగం, కానీ గోడకీ స్లాబుకీ త్వరగా నీరసపడుతుంది. ఇటుక గోడ ఒకటి అడ్డొస్తే తట్టుకుంటుంది. చువ్వలున్న స్లాబు దగ్గరకొచ్చేసరికి చాలా భాగం అక్కడే ఆగిపోతుంది. మరి మెట్ల మీద ఎందుకు వచ్చిందంటారా? మెట్ల దగ్గర స్లాబు తెరిచి ఉంటుంది కదా, సిగ్నల్ ఆ సందులోంచి పైకి ఎక్కుతుంది.

ఇంకో సంగతి. సెల్‌ఫోన్ కూడా రౌటర్‌కు బదులు చెప్పాలి. రౌటర్ ఎంత గట్టిగా మాట్లాడినా, ఫోన్ గొంతు చిన్నది. దాని బ్యాటరీ చిన్నది, యాంటెన్నా చిన్నది. కింద నుంచి మాట పైకి చేరినా, పైనుంచి జవాబు కిందికి చేరదు. పెద్ద రౌటర్ కొంటే తీరని సమస్య ఇదే. పైగా ఆ పుల్లల్లాంటి యాంటెన్నాలు సిగ్నల్‌ను ఎలా చల్లుతాయో తెలుసా? ఒక గారె ఊహించుకోండి. ఆ గారె చిల్లులోంచి యాంటెన్నా నిలువుగా దూర్చినట్టు అనుకోండి. సిగ్నల్ ఆ గారె ఆకారంలో చుట్టూ పక్కలకు పోతుంది, నేరుగా పైకి, నేరుగా కిందికి బాగా తక్కువ. పైగదికి కాస్తయినా అందాలంటే ఒకటి రెండు యాంటెన్నాలను పడుకోబెట్టి చూడండి. ఖర్చు లేని పని, ఈ సాయంత్రమే చేయొచ్చు. కానీ అది మందు కాదు, ఉపశమనం మాత్రమే.

రిపీటర్ సంగతి. సాధారణ రిపీటర్ ఒకే ఛానల్ మీద విని, అదే ఛానల్ మీద తిరిగి చెబుతుంది. ఒకే మాటకు రెండుసార్లు సమయం పడుతుంది కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. అదీ కాక, దాన్ని సిగ్నల్ రాని గదిలో పెడతారు. తనకే సరిగా వినపడని మాటను అది మీకేం చెబుతుంది? మీ ఫోన్‌లో కనిపించే నిండు గీతలు ఫోన్‌కీ రిపీటర్‌కీ మధ్య సంగతి. రిపీటర్‌కీ కింది రౌటర్‌కీ మధ్య ఏం జరుగుతోందో ఆ గీతలు చెప్పవు.

అందుకని నా మాట ఒక్కటే. స్లాబును తీగతో దాటండి. ప్రతి అంతస్తుకూ ఒక నెట్‌వర్క్ కేబుల్ తీసుకెళ్లి, అక్కడ ఆ అంతస్తుకు సొంత వైఫై పెట్టండి. గాలిలో పోవాల్సింది ఆఖరి పదిహేను, ఇరవై అడుగులే.

అన్నయ్య ఇంట్లో కొత్తగా గోడ కొట్టనివ్వలేదు, ఆయన బాధ ఆయనది. వెతికితే పాత కేబుల్ టీవీ పైపు దొరికింది, కింద హాల్లోంచి మధ్య అంతస్తు పడగ్గదికి. డీటీహెచ్ వచ్చాక ఆ వైరు ఎవరికీ పట్టలేదు. ఆ పాత వైరు చివరకే కొత్త కేబుల్ కట్టి లాగుదామనుకున్నాం. కేబుల్ తలను నున్నగా సన్నగా టేప్ చుట్టి, పైన టాల్కం పౌడర్ రాశాం. అన్నయ్య కింద నుంచి అందిస్తుంటే నేను పైనుంచి లాగాను. ఎనిమిది అడుగులు వచ్చి వంపు దగ్గర ఆగిపోయింది. అప్పుడు చేయకూడని పని గట్టిగా లాగడం. బలంగా లాగితే లోపల జతలుగా మెలితిప్పిన తీగల మెలి సాగిపోతుంది, పైకి ఏమీ కనిపించదు, కేబుల్ మాత్రం పాడవుతుంది. ఒక అడుగు వెనక్కి తీసి, కేబుల్‌ను వేళ్ల మధ్య కొంచెం తిప్పి, మళ్లీ లాగాం. మూడోసారికి వంపు దాటింది. ముప్పావుగంట పట్టింది. ఆ సాయంత్రానికి పిల్ల గదిలో సొంత యాక్సెస్ పాయింట్, అంటే కేబుల్‌లో వచ్చిన నెట్‌ను వైఫైగా చల్లే డబ్బా. మర్నాడు బల్ల ముందు కూర్చుని క్లాసు విన్నది.

కొత్తగా కడుతున్నవాళ్లకు ఈ అవస్థ అక్కర్లేదు. మేస్త్రి గారూ, ఇది మీకు. మెట్ల పక్కన, వీలైతే మధ్య అంతస్తులో, ఒక చిన్న చోటు నెట్‌వర్క్‌కు కేటాయించండి. అక్కడ రెండు మూడు ప్లగ్ పాయింట్లు ఉండాలి, అవి ఇన్వర్టర్ లైను మీద ఉండాలి. బయట స్తంభం నుంచి ఫైబర్ అక్కడికే రావడానికి ఒక పైపు. అక్కడి నుంచి ప్రతి అంతస్తులో హాలు పైకప్పు మధ్యకు ఒకటి, టీవీ వెనకకు ఒకటి, పిల్లల బల్ల దగ్గరకు ఒకటి, గేటు కెమెరాకు ఒకటి, డాబా మీదకు ఒకటి. అన్ని పైపులూ ఆ ఒక్క చోటికే విడివిడిగా చేరాలి. ఒక గదిలోంచి ఇంకో గదికి గొలుసులా వద్దు, మధ్యలో ఒకటి పోతే తర్వాతవన్నీ పోతాయి.

పైపు 25 ఎంఎం తక్కువ కాకుండా చూడండి. వంపుల్లో మూల తిరిగే ఎల్బోలు పెట్టకండి, పొడవాటి బెండులు వాడండి. స్లాబులో వేస్తున్నప్పుడు కాంక్రీటు పాలు దిగకుండా పైపు నోళ్లు టేపుతో మూయండి. లోపల ఒక జీఐ తీగ వదిలేయండి, రేపు ఇంకో కేబుల్ లాగడానికి అదే దారి. కరెంటు వైర్లున్న పైపులోకి మాత్రం ఈ కేబుల్‌ను పంపకండి. 230 వోల్టుల వైరు పక్కన ఇన్సులేషన్ కాస్త దెబ్బతింటే ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. దాంతోపాటు కరెంటు వైరు రొద డేటాలోకి దిగుతుంది. పక్కపక్కనే పోవాల్సి వస్తే కనీసం ఎనిమిది అంగుళాలు ఎడం పెట్టండి. దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

పైపు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, వైఫై మారిపోతూ ఉంటుంది. 1997లో మొదటి ప్రమాణం వచ్చినప్పుడు వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 1999లో 11 అయింది. ఆ తర్వాత 2009లో ఒకటి, 2013లో ఒకటి, ఇప్పుడు వైఫై 7 దాకా వచ్చాం. ప్రతిసారీ డబ్బా మార్చాలి. కేబుల్ మీద గిగాబిట్, అంటే సెకనుకు 1000 మెగాబిట్ల ప్రమాణం కూడా 1999లోనే వచ్చింది. అప్పట్లో సరిగ్గా వేసిన కేబుల్ ఇవాళ్టికీ గిగాబిట్ ఇస్తుంది, అదే జాక్, అవే ఎనిమిది తీగలు.

కేబుల్ కొనేటప్పుడు ఇది చూడండి. ఇదిగో, నా చేతిలో రెండు ముక్కలున్నాయి. రెండింటి మీదా క్యాట్ 6 అనే రాసి ఉంది, అది నెట్‌వర్క్ కేబుల్ రకం పేరు. ఒక తీగను బ్లేడుతో మెల్లగా గీకుతున్నాను. ముందుకు రండమ్మా, దగ్గర నుంచి చూడండి. దీని లోపల కూడా ఎర్రగానే ఉంది, అసలు రాగి. ఇప్పుడు రెండోది. గీకిన చోట తెల్లగా మెరుస్తోంది చూశారా? అది అల్యూమినియం, పైన రాగి పూత మాత్రమే. సీసీఏ అంటారు దీన్ని. తేలిగ్గా ఉంటుంది, చవక. పదేపదే వంచితే త్వరగా తెగుతుంది, దూరం పెరిగితే సిగ్నల్ తగ్గుతుంది. యాక్సెస్ పాయింట్‌కు ఇదే కేబుల్ మీద కరెంటు కూడా పంపిస్తే వేడెక్కుతుంది. గోడలో శాశ్వతంగా పాతిపెట్టే వస్తువు ఇది. 305 మీటర్ల పెట్టె కొనేముందు ఒక అంగుళం గీకి చూస్తానని అడగండి. గీకనివ్వని దుకాణంలో కొనకండి.

క్యాట్ 6 మీద 100 మీటర్ల దాకా గిగాబిట్ నడుస్తుంది. దూరం తక్కువైతే, అంటే 55 మీటర్ల లోపు, పరిస్థితి బాగుంటే 10 గిగాబిట్ల దాకా పోవచ్చు. మూడంతస్తుల ఇంట్లో ఏ లైనూ నలభై మీటర్లు దాటడం అరుదు. కాబట్టి ఇంటికి క్యాట్ 6 చాలు.

ఇక జాక్ కొట్టడం. నాలుగు జతలు, ఎనిమిది తీగలు. ప్రతి జతనీ మెలితిప్పి ఉంచడంలో కారణం ఉంది. బయటి రొద రెండు తీగల మీదా సమానంగా పడి, అవతలి చివర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అందుకే జాక్ దగ్గర మెలి విప్పేది అర అంగుళం మించకూడదు. ఎక్కువ మంది కుర్రాళ్లు తీగలు పేర్చడం సులువని రెండంగుళాలు విప్పేస్తారు. వరుస ఇలా: తెలుపు ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు గ్రీన్, బ్లూ, తెలుపు బ్లూ, గ్రీన్, తెలుపు బ్రౌన్, బ్రౌన్. రెండు చివర్లా ఇదే వరుస. గోడలో ఉన్న కేబుల్‌కు నేరుగా జాక్ కొట్టకండి, ఐఓ బాక్సులో, అంటే గోడకు బిగించే నెట్‌వర్క్ సాకెట్‌లో, తీగలను నొక్కి బిగించే క్రోన్ టూల్‌తో పంచ్ చేసి, అక్కడి నుంచి ప్యాచ్ కార్డ్ (రెండు చివర్లా జాక్ ఉన్న పొట్టి కేబుల్) పెట్టండి. గోడ కేబుల్ గట్టి తీగ, పదేపదే కదిపితే విరుగుతుంది.

టెస్టర్‌లో ఎనిమిది లైట్లు వెలిగాయని పని అయిపోయిందనుకోవద్దు. అది తీగ తెగలేదని మాత్రమే చెబుతుంది. ల్యాప్‌టాప్ తగిలించి లింక్ స్పీడ్ చూడండి. 1 గిగాబిట్ రావాల్సిన చోట 100 మెగాబిట్ అని చూపిస్తే, ఎక్కువసార్లు ఒక జత సరిగా తగల్లేదని అర్థం. 100కు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. పరికరం చప్పుడు చేయకుండా 100కు దిగిపోయి పనిచేస్తూ ఉంటుంది. ఇంట్లోవాళ్లు కంపెనీని తిట్టుకుంటూ ఏళ్ల తరబడి అలాగే వాడుకుంటారు.

ఇప్పుడు పెట్టెల సంగతి. ఫైబర్ డబ్బా, దాని తర్వాత ఒక రౌటర్, దాని తర్వాత ఒక స్విచ్ (లైటు స్విచ్ కాదు, ఒక లైనును చాలా కేబుళ్లకు పంచే పెట్టె), స్విచ్ నుంచి అన్ని అంతస్తులకూ కేబుళ్లు. చాలా ఇళ్లలో ఫైబర్ డబ్బాలోనే రౌటర్ కూడా ఉంటుంది, అప్పుడు విడిగా ఇంకోటి అక్కర్లేదు. ఇంట్లో నంబర్లు పంచే పెద్ద ఒక్కరే ఉండాలి. ఫోన్‌కీ, టీవీకీ, కెమెరాకీ ఐపీ అడ్రస్ ఇచ్చేది ఆ పెద్దే. పై అంతస్తులో పాత రౌటర్‌ను వాడుకోవచ్చు, తప్పులేదు, కానీ సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. పెట్టకపోతే అది కూడా తానే పెద్దనంటుంది. అప్పుడు కింది ప్రింటర్ పైవాళ్లకు కనిపించదు, కెమెరా ఒక ఫోన్‌లో వస్తుంది, ఇంకో ఫోన్‌లో రాదు.

ఒక ఇంట్లో రాత్రి పదింటికి నెట్ మొత్తం ఆగిపోయింది, కేబుల్ పెట్టిన కంప్యూటర్‌కు కూడా రాలేదు. వాళ్లు కంపెనీకి ఫోన్ చేశారు, బయట లైను బాగానే ఉంది. నేను వెళ్లేసరికి స్విచ్ మీద లైట్లన్నీ ఒకేసారి ఆగకుండా కొట్టుకుంటున్నాయి. ఇల్లు సర్దుతున్నవాళ్లు వేలాడుతున్న ప్యాచ్ కార్డ్ చివరను చూసి, ఊడిపోయిందేమోనని అదే స్విచ్‌లో ఖాళీ రంధ్రంలో పెట్టారు. రెండు చివర్లూ ఒకే స్విచ్‌లో. లోపలికి వెళ్లిన మాట బయటికి రాకుండా అక్కడే తిరుగుతూ రెట్టింపవుతూ మొత్తం నెట్‌వర్క్‌ను నింపేసింది. చివర పీకాను, పది సెకన్లలో అన్నీ వచ్చాయి. అందుకే ప్రతి కేబుల్‌కూ రెండు చివర్లా పేరు రాసి అంటించండి. "పై హాలు", "గేటు కెమెరా" అని తెలుగులోనే రాయండి, మీరు ఊళ్లో లేనప్పుడు చదివేది ఇంట్లోవాళ్లే.

యాక్సెస్ పాయింట్‌ను పైకప్పు మధ్యలో బిగించండి. పీఓఈ స్విచ్ ఉంటే కరెంటు కూడా అదే కేబుల్ మీద వెళ్తుంది, అక్కడ ప్లగ్ పాయింట్ అక్కర్లేదు. ప్రమాణం ప్రకారం చేసిన పీఓఈ స్విచ్ అవతల ఉన్న పరికరం తీసుకోగలదో లేదో చూసుకున్నాకే కరెంటు వదులుతుంది, టెన్షన్ పడక్కర్లేదు. అన్ని అంతస్తులకూ వైఫై పేరు ఒకటే, పాస్‌వర్డ్ ఒకటే పెట్టండి. 2.4లో మాత్రం ఛానళ్లు వేరు చేయండి: కింద 1, మధ్యలో 6, పైన 11. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడవు. ఏ యాక్సెస్ పాయింట్‌ను పట్టుకోవాలో నిర్ణయించేది ఫోనే. మీరు పైకి వెళ్లినా అది కింది సిగ్నల్‌ను వదలకుండా వేలాడుతూ ఉంటే, యాక్సెస్ పాయింట్ల పవర్ తగ్గించి చూడండి. పెంచితే బాగుపడుతుందని అనిపిస్తుంది కానీ, తగ్గిస్తేనే ఫోన్ త్వరగా దగ్గరి యాక్సెస్ పాయింట్‌కు మారుతుంది.

అమ్మా, మీరు చేయెత్తారు, అడగండి.

(ఇల్లు కట్టి పదేళ్లయిందని, గోడ కొట్టడం కుదరదని, మెష్, అంటే రెండు మూడు వైఫై డబ్బాలు కలిసి ఒకే నెట్‌వర్క్‌గా పనిచేసే సెట్, పెట్టుకుంటే సరిపోతుందా అని ఒక గృహిణి ప్రశ్న.)

మంచి ప్రశ్న. మెష్ మంచి వస్తువే. కానీ మూడు డబ్బాలూ ఒకదానితో ఒకటి గాలిలోనే మాట్లాడుకుంటే, అవి కూడా అదే స్లాబును దాటాలి. మెట్ల దగ్గర ఒకదాని పైన ఒకటి వచ్చేలా పెడితే కొంత మేలు. కేబుల్‌తో కలిపితే మాత్రం అదే మెష్ చక్కగా పనిచేస్తుంది. మీ ఇంట్లో కేబుల్ టీవీ పైపు గానీ, పాత ల్యాండ్‌లైన్ పైపు గానీ ఉండొచ్చు, ముందు అది వెతకండి. లేకపోతే మెట్ల మూలన సన్నని కేసింగ్ వేసి తీసుకెళ్లండి, గోడ రంగే వేస్తే కనపడదు. కరెంటు వైర్ల మీదే ఇంటర్నెట్ పంపే అడాప్టర్లు అమ్ముతారు. మన త్రీ ఫేజ్ ఇళ్లలో ఒక్కో అంతస్తు ఒక్కో ఫేజ్ మీద ఉండొచ్చు, అలాంటి చోట వాటి మీద నమ్మకం పెట్టుకోకండి. కొన్నా, తిరిగి ఇచ్చే వీలుంటేనే కొనండి.

బయట గోడ మీదుగా తీసుకెళ్లాలంటే, ఇంట్లో వాడే కేబుల్ ఎండకు రెండు మూడు వేసవుల్లో పగులుతుంది. నల్లటి పైపొర ఉన్న అవుట్‌డోర్ కేబుల్ తీసుకోండి, పైపులో వేయండి, కోతుల బెడద ఉన్నచోట మరీ ముఖ్యం. పక్క బిల్డింగ్‌కు, డాబా దాటి అవతలి షెడ్డుకు రాగి కేబుల్ గాల్లో లాగకండి. పిడుగు నేరుగా పడక్కర్లేదు, దగ్గర్లో పడినా ఆ తీగలో వచ్చే వోల్టేజీకి స్విచ్, టీవీ, కెమెరా రికార్డర్ అన్నీ ఒకేసారి పోవచ్చు. రెండు భవనాల మధ్య ఫైబరే వేయండి. ఫైబర్ లోపల ఉండేది గాజు, గాజు మీద కరెంటు నడవదు.

పై పోర్షన్ అద్దెకు ఇచ్చినవాళ్లు కనీసం గెస్ట్ నెట్‌వర్క్ విడిగా పెట్టండి. మీ కెమెరాలు, మీ కంప్యూటర్ ఉన్న నెట్‌వర్క్ పాస్‌వర్డ్ ఇచ్చేస్తే, వాళ్లు ఖాళీ చేసి వెళ్లాక కూడా అది వాళ్ల ఫోన్లలోనే ఉంటుంది.

ఇక మాటలు చాలు. ఆ బల్ల మీద రెండు క్రింపింగ్ టూళ్లు, ఒక టెస్టర్, యాభై జాక్‌లు పెట్టాను. తమ్ముళ్లూ, ముందు మీరు రండి. అమ్మా, మీరూ రండి, మీ ఇంటి జాక్ మీరే కొట్టుకోవచ్చు. మెలి విప్పేది అర అంగుళమే, మర్చిపోకండి.